మరక నీ వైపుంది

అన్న పోయిన నలభై ఆరో రోజు పొద్దున చెల్లెలు పనిసంచీ భుజానికి తగిలించుకుని లెక్కల టీచరమ్మ ఇంటికి బయలుదేరింది. నలభై ఆరు అని ఆమె లెక్కపెట్టుకోలేదు, ఆ లెక్క తర్వాత టీచరమ్మ చెబితేనే తెలిసింది. ఆమెకు మాత్రం అన్న పోయింది నిన్ననా, నిరుడా అన్నది కూడా సరిగ్గా పట్టుబడటం లేదు. లేస్తోంది, పళ్లు తోముకుంటోంది, వండుతోంది, కండక్టరు మొగుడికి డబ్బా కట్టి డిపోకి పంపిస్తోంది, పడుకుంటోంది. పని పనిలాగే జరుగుతోంది. మనిషే లోపల లేదు.

ఏడుపూ రాలేదు. ఆ రోజు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. "ఇదేంటే, రాయిలా కూర్చుంది" అని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ, వాళ్ల చెవులు, వాళ్ల పళ్లు. అసలు వాళ్లు పరామర్శకు వచ్చింది వదిన కోసం. వదిన చుట్టూ చేరారు, వదిన చెయ్యి పట్టుకున్నారు, వదిన చేత బతిమాలి మంచినీళ్లు తాగించారు. ఆ గ్లాసులు అందిస్తూ నిలబడింది చెల్లెలు. మొగుడు పోయిన మనిషికి అలాంటి రోజున ఒక చోటుంటుంది. అన్న పోయిన చెల్లెలు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఎదురుపడ్డ ప్రతివాళ్లూ ఆమెను అడిగే మాట ఒక్కటే: "మీ వదిన ఎలా ఉంది?"

"బానే ఉంది" అని చెప్పీ చెప్పీ ఆమె నోరు అరిగిపోయింది.

అన్నాచెల్లెళ్లది అద్దాల పని. అద్దాలు బిగించడం కాదు, ఇళ్ల కిటికీల మీద ఏళ్ల తరబడి పేరుకున్న ఉప్పునీటి తెలుపును వదలగొట్టడం. బోరు నీళ్లు పడి ఆరి, పడి ఆరి అద్దం మీద తెల్లటి పొర కడతాయి. సబ్బుకు అది లొంగదు. ఇంటివాళ్లు ముందు పాత పేపర్లతో రుద్దుతారు, తర్వాత పక్కింటావిడ చెప్పిన చిట్కాలన్నీ చేస్తారు, ఆఖరికి బ్లేడుతో గీకి, గీతలు పడ్డాక వీళ్లకు ఫోన్ చేస్తారు. "రోగం ముదిరాకే కదా డాక్టరు గుర్తొచ్చేది" అనేవాడు అన్న, తనే డాక్టరైనట్టు.

పన్నెండేళ్లుగా ఇద్దరిదీ ఒకటే పద్ధతి. చట్రం చెల్లెలిది, అద్దం అన్నది. అల్యూమినియం చట్రాలు ఎండకీ వానకీ కళ చచ్చిపోయి, ముట్టుకుంటే వేలికి తెల్లపొడి అంటుకునేలా తయారవుతాయి. సన్న ఉక్కు పీచుతో ఆ పొడిని దువ్వి, మైనం పట్టించి, లోహానికి మళ్లీ లోహం కళ తెప్పించడంలో ఆమెను మించినవాళ్లు లేరు. అద్దం మీద మాత్రం అన్న చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. "చట్రం పాడైతే రంగేస్తాం, అద్దం పాడైతే ఏం చేస్తావే?" అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆమె కూడా ఎప్పుడూ పట్టుబట్టలేదు. అన్న ఉన్నాడు కదా, తనకెందుకు అనుకుంది.

ఇద్దరికీ సరిసమానమైన పని ఒక్కటే ఉండేది. అంతా అయ్యాక ఆఖరి చూపు. అన్న లోపలివైపు, చెల్లెలు బయటివైపు నిలబడి, చేతిలో గుడ్డ పట్టుకుని, ఒకే అద్దాన్ని రెండు పక్కలనుంచీ చూసేవాళ్లు. లోపలివైపు ఎప్పుడూ అన్నే, ఎందుకంటే టీ ఇచ్చేది లోపలే. మరక కనబడితే గోటితో అద్దం మీద కొట్టాలి. ఒకటి కొడితే నా వైపుంది, నేను తుడుచుకుంటా అని. రెండు కొడితే మరక నీ వైపుంది, నువ్వు తుడువు అని. ఒక్కోసారి ఇద్దరూ రెండేసి కొట్టుకుంటూ నువ్వంటే నువ్వని వాదులాడుకుంటుంటే, తలుపెవరో కొడుతున్నారనుకుని ఇంటివాళ్లు పరిగెత్తుకొచ్చేవాళ్లు.

నాలుగు రోజుల క్రితం వదిన ఆమెను పిలిచి, సంచీ, పాలిష్ మిషను, అన్న ఫోన్ మూడూ బల్ల మీద పెట్టింది. పన్నెండేళ్లుగా తిరిగిన ఇళ్ల నంబర్లన్నీ ఆ ఫోన్లోనే ఉన్నాయి.

"పిట్టా, ఒక మాట చెబుతా, తప్పుగా అనుకోకు" అంది వదిన. కిటికీ అంచుల మీద వాలి పని చేస్తుందని అన్న పెట్టిన పేరది, ఇంటిల్లిపాదికీ అదే అలవాటైంది. "మా తమ్ముడు నేల పాలిష్ పని చేస్తాడు కదా. ఇవన్నీ వాడికిచ్చేస్తే ఈ పని కూడా వాడే చూసుకుంటాడు. నీకు అద్దం రాదని మీ అన్నే అనేవాడు కదే."

"ఊఁ."

"ఊఁ అంటే? ఇవ్వమనా, వద్దనా?"

చెల్లెలికి అది తేల్చే ఓపిక కూడా లేదు. నిండా మునిగినవాడికి చలేమిటి? సంచీ పోతే పోతుంది. కానీ ఆమె చెయ్యి మాత్రం ఎవరో చెప్పినట్టు సంచీ పట్టీని పట్టుకుని వదల్లేదు. వదిన ఆ చేతిని చూసింది. వదిన చెడ్డమనిషేం కాదు. ఇల్లు గడవాలి, చేతికి అందివచ్చిన తమ్ముడు కళ్లెదుటే ఉన్నాడు. కాసేపు ఆలోచించి అంది: "టీచరమ్మ ఇంట్లో ఒక కిటికీ మిగిలిపోయింది కదా. ఆదివారం అది నువ్వొక్కదానివే చెయ్యి. ఐదింటికి నేనూ తమ్ముడూ వచ్చి చూస్తాం. మరక లేకుండా తెచ్చావా, ఇవన్నీ నీవే, వాడికి నేను సర్దిచెబుతా. తేలేకపోతే నీ చేత్తో నువ్వే వాడికివ్వాలి. సరేనా?"

"సరే" అంది చెల్లెలు. తన బతుకుతెరువు గురించి కాక పొరుగింటి పిల్లి గురించి మాట్లాడుతున్నట్టు అంది.

టీచరమ్మ ఇంటికి ఎనిమిది కిటికీలు. ఏడింటిని అన్నాచెల్లెళ్లు రెండు రోజుల్లో పూర్తిచేశారు. ఎనిమిదోది పడమటి గోడది. మేడ మీది ట్యాంకు నిండి పొర్లినప్పుడల్లా నీళ్లు ఈ కిటికీ మీదుగానే జారేవి, ఎన్నేళ్లనుంచో. అద్దం పాలలో ముంచి తీసినట్టుండేది. రెండో రోజు సాయంత్రం చెల్లెలు ముందువైపు చట్రాలకు మైనం పడుతుంటే, అన్న ఒక్కడే దాని దగ్గర కూర్చున్నాడు. కింది కుడి మూలలో అరచెయ్యి మేర మాత్రం రుద్ది శుభ్రం చేశాడు. అలా కొంచెం రుద్ది, ఏ మందుకు లొంగుతుందో చూసుకోకుండా అతను ఏ అద్దం మీదా పని మొదలుపెట్టేవాడు కాదు. తర్వాత లోపలికెళ్లి లోపలినుంచీ చూశాడు, టీ తాగాడు, బయటికొచ్చి "లొంగింది పిట్టా, రేపు పట్టేద్దాం" అన్నాడు. ఆ రాత్రి ఛాతీలో మంటగా ఉందన్నాడట. తెల్లారేసరికి లేడు.

టీచరమ్మ రిటైరై పదేళ్లయినా లెక్కలు మానలేదు. తలుపు తీస్తూనే "నలభై ఆరు రోజులమ్మా" అంది. "వేరేవాళ్లను పిలవమని అందరూ చెప్పారు. మీరే మొదలుపెట్టారు, మీరే పూర్తిచెయ్యాలని ఊరుకున్నాను. మీ వదిన ఎలా ఉంది?"

"బానే ఉందండీ."

"పాపం, చిన్న వయసు. సరే, నువ్వు చూసుకో. ఆ గది నేను వాడను, వెలుతురే రాదు. కుర్చీ తప్ప ఏమీ లేదు అందులో."

చెల్లెలు పెరట్లోంచి పడమటి వైపుకెళ్లి, స్టూలు వేసుకుని కిటికీ ముందు నిలబడింది. నిలువెత్తు అద్దం, అంతా తెలుపు, మూలన ఒక్క అరచెయ్యంత మేర మాత్రం తేటగా ఉంది. ఆ తేటలోంచి లోపలి కుర్చీ కాలు, రెండు టైల్సు కనబడ్డాయి. అన్న చేసిన ఆఖరి పని అది. దాన్ని చూస్తే ఏదో అవుతుందని ఆమె దారిపొడుగునా అనుకుంటూ వచ్చింది. ఏమీ కాలేదు. సంచీ విప్పి టేపు తీసింది.

చట్రం చుట్టూ టేపు అంటించింది, మందు చుక్క పడితే అల్యూమినియం పాడవుతుందని. నిమ్మ ఉప్పు నీళ్లలో కరిగించి, గుడ్డ ముంచి, అద్దానికి తడిగా అతికించింది. పది నిమిషాలు ఆగి, ఉక్కు పీచుతో మెత్తగా రుద్ది, కడిగి, రబ్బరు వైపరుతో కిందికి లాగింది. అద్దం నిగనిగలాడింది. ఇంత తేలికా అనుకునేలోపు అన్న మాట గుర్తొచ్చింది. "తడి అద్దాన్నీ, తాగినోడి మాటనీ నమ్మకు పిట్టా. ఆరాక చూడు." ఆరేదాకా ఆగింది. పైనుంచి కిందికి, ఎవరో తెర దించినట్టు, తెలుపంతా మెల్లగా తిరిగొచ్చింది.

రెండోసారి మందు చిక్కగా కలిపింది. అదే వరస. మూడోసారి మరీ చిక్కగా, అరగంట అతికించి ఉంచింది. ఈసారి మందు టేపు కిందికి జారి, చట్రం మీద మూరెడు పొడుగున తెల్లటి చార తేలింది. అద్దం రాదు సరే, పన్నెండేళ్లుగా తనదైన చట్రాన్ని కూడా పాడుచేసుకుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఆ చారను దువ్వి మైనం పెట్టేసరికి గంట పట్టింది. అద్దం అలాగే ఉంది, తెల్లగా. ఒంటిగంట దాటింది. ఓడిపోతున్నానని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఆ తెలియడం కూడా వేరే గదిలో మోగుతున్న రేడియోలాగ ఎక్కడో దూరంగా ఉంది.

మరి అన్న ఆ మూలను ఏం పెట్టి రుద్దాడు? సంచీలో నాలుగు సీసాలు, రెండు డబ్బాలు ఉన్నాయి. ఏ అద్దానికి ఏది వాడాడో రాసిపెట్టే అలవాటు అతనికి లేదు. అంతా బుర్రలోనే ఉండేది, బుర్ర అతనితోనే పోయింది.

టీచరమ్మ టీ తెచ్చి ఇచ్చింది. తెల్లగా ఉన్న అద్దాన్ని, మనిషిని చూసి, లెక్క తప్పిన పిల్లను చూసినట్టు చూసి వెళ్లిపోయింది. చెల్లెలు స్టూలు మీద కూర్చుని కప్పు పట్టుకుంది. తన గోళ్ల కింద నిమ్మ ఉప్పు తెల్లగా ఇరుక్కుని ఉంది. ఆ గోళ్లను చూస్తుంటే వేరే గోళ్లు గుర్తొచ్చాయి.

అన్నను పడుకోబెట్టినప్పుడు ఆమె అతని కుడిచేతి పక్కన కూర్చుంది. గోళ్ల కింద గులాబీ రంగు పొడి ఉంది. చుట్టూ అందరూ గుండెలు బాదుకుంటుంటే ఆమెకు తోచింది ఒక్కటే, వీడు చేతులు కడుక్కోకుండా పడుకున్నాడు అని. అంతే. తోడబుట్టినవాడు పోతే వచ్చే ఆలోచన ఇదా అని తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యం కూడా ఎంతోసేపు నిలవలేదు.

గులాబీ పొడి పాలిష్ పొడి, చిన్న డబ్బాలోది. అన్న దాన్ని ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి తీసేవాడు కాదు. ఉప్పు అద్దం మీద కూర్చుంటే మందు చాలు. ఏళ్ల తరబడి కూర్చుని అద్దాన్నే తినేస్తే ఇక ఏ మందూ పనిచెయ్యదు, తిన్నంత లోతుకీ అద్దాన్నే అరగదియ్యాలి. ఇంతసేపూ ఆమె కడుగుతున్నది లేని ఉప్పును.

టీ సగంలో వదిలేసి లేచింది. పొడిని నీళ్లతో తోడుకున్న పెరుగంత చిక్కగా కలిపింది. సంచీలోంచి మిషను తీసి ఉన్ని బిళ్ల తగిలించింది. పన్నెండేళ్లు ఆ మిషనును మోసింది కానీ ఎప్పుడూ నడపలేదు. మీట నొక్కగానే అది చేతిలోంచి ఎగిరినంత పనై, మొహం నిండా గులాబీ చుక్కలు చిమ్మింది. రెండు చేతులతో పట్టింది. గట్టిగా అదమకూడదు, ఒకే చోట నిలపకూడదు, ఆరనివ్వకూడదు. వేడెక్కితే అద్దం పగులుతుంది. అన్న పక్కన నిలబడి నీళ్లు చల్లుతూ చూసినవే ఇవన్నీ. చూసినంతసేపూ తనకు రాదనే అనుకుంది.

ఎడమ పై మూలలో ఒక జానెడు చేసింది. కడిగింది. ఆరేదాకా ఆగింది. ఊపిరి కూడా అటు పడనివ్వకుండా ఆగింది. అద్దం ఆరింది. తెలుపు రాలేదు.

"లొంగింది" అంది పైకే. వినేవాళ్లెవరూ లేరు.

ఆ తర్వాత జానెడు జానెడుగా కిందికి దిగింది. మిషను అదురుకు మోచేతి దాకా స్పర్శ పోయింది, మిగతా మనిషికి జతగా. మూడు దాటింది, మూడున్నరైంది. ఆఖరికి అన్న శుభ్రం చేసిన మూల దగ్గరికొచ్చింది. చుట్టూ తెలుపున్నంతసేపూ దాని అంచు స్పష్టంగా తెలిసింది. చుట్టూ తేటపడే కొద్దీ ఆ అంచు పలచబడింది. ఇంకొక్కసారి కడిగి వైపరు లాగేసరికి అన్న చేసింది ఎక్కడిదాకానో, తను చేసింది ఎక్కడినుంచో తెలియలేదు. ఆమె వంగి వెతికింది. దొరకలేదు.

టేపు ఊడదీసి, అద్దమంతా పొడిగుడ్డతో తుడిచి, వెనక్కి జరిగి చూసింది. పడమటి ఎండ నేరుగా పడుతోంది. గదిలో కుర్చీ, అవతలి గోడ, తలుపు గడియ అన్నీ కనబడుతున్నాయి. ఒక్కచోట మాత్రం, స్టూలెక్కితే సరిగ్గా తన కళ్లెదుట, మసక మరకొకటి మిగిలింది. రుద్దింది. పోలేదు. పొడి పెట్టి మళ్లీ మిషను పట్టింది, కడిగింది, తుడిచింది. కదల్లేదు.

అయితే ఇది బయట లేదు, లోపలుంది.

చెయ్యి దానంతటదే లేచింది. గోటితో అద్దం మీద రెండుసార్లు కొట్టింది. మరక నీ వైపుంది. గుడ్డ పట్టుకుని నిలబడి ఎదురుచూసింది. బదులు రాలేదు. వీడింకా టీ తాగుతున్నాడని కోపమొచ్చి, ఈసారి గట్టిగా, గోరు నొప్పి పుట్టేలా, రెండు కొట్టింది.

గదిలో కుర్చీ ఉంది. ఎవరూ లేరు.

అన్న పోయాడని ఆమెకు అప్పుడు తెలిసింది. నలభై ఆరు రోజులుగా అందరూ చెబుతున్నదీ, తనూ అందరికీ చెబుతున్నదీ అదే మాట. కానీ తెలిసింది మాత్రం అప్పుడే. స్టూలు దిగి దానిమీదే కూర్చుండిపోయింది.

చప్పుడు విని టీచరమ్మ గదిలోకొచ్చి కిటికీలోంచి చూసింది. "పిలిచావా అమ్మాయ్?"

"లేదండీ" అంది చెల్లెలు. తర్వాత, "ఒకసారి లోపలికి రావచ్చాండీ?" అంది.

చెప్పులు విప్పి లోపలికెళ్లింది. పక్కనుంచి చూస్తే మరక మరకలా లేదు. ఎడమ అరచెయ్యి, ఐదు వేళ్లు. తడి పాలిష్ పొడి అంటిన చేత్తో ఆనుకుంటే అలాగే ఆరిపోయింది. చిటికెనవేలు బయటికి వంగి ఉంది. చిన్నప్పుడు చెల్లెలు తలుపు వేసేసినప్పుడు నలిగిన వేలది. ఇంత తెల్లటి అద్దం వెనక ఇన్ని రోజులూ అది ఎవరికీ కనబడకుండా ఉండిపోయింది. అద్దం కనబడితే చెయ్యి ఆనించి ఒరిగి చూడటం అతని దురలవాటు. "నువ్వు అద్దాలు తుడిచేవాడివా, అద్దాలకు వెల్ల వేసేవాడివా?" అని ఆమె రోజూ తిట్టేది. అతనే మళ్లీ నీతులు చెప్పేవాడు. "మన చెయ్యి కనబడిందంటే అది పని కాదు పిట్టా." చెప్పి, వెళ్లేముందు తన చెయ్యిని తనే తుడిచేసుకునేవాడు. ఆ రోజు తుడవలేదు. రేపు ఎలాగూ వస్తాం కదా అనుకుని ఉంటాడు.

ఆమె దానికి ఎదురుగా తన చెయ్యి ఎత్తింది, తగలకుండా. అతని చెయ్యి పెద్దది. తలుపులోంచి కనబడుతున్న హాలు గడియారంలో ఐదుకు ఇంకా ఏడు నిమిషాలుంది. ఇది ఉంటే మరక ఉన్నట్టే. వదిన తమ్ముడు వస్తూనే వేలెత్తి చూపిస్తాడు, సంచీ వాడి భుజానికెళుతుంది. ఇది పోతే అన్నది ఇక ఏమీ ఉండదు. ఎంతసేపు నిలబడినా ఈ లెక్క మారలేదు.

గేటు దగ్గర బండి ఆగిన చప్పుడైంది. ఆమె అద్దం మీద ఊపిరి ఊది, గుడ్డతో తుడిచింది. అరచెయ్యి ముందు పోయింది. వంకర చిటికెనవేలు ఆఖరున పోయింది. ఆ గుడ్డనే మొహానికి అదుముకుని ఏడ్చింది. చప్పుడు బయటికి రాకుండా, భుజాలు కుదిపేసేలా, నలభై ఆరు రోజుల ఏడుపు ఆ కాస్తసేపట్లో.

వదిన తమ్ముడు బయటినుంచే చూశాడు. వంగి చూశాడు, పక్కకెళ్లి చూశాడు, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. చివరికి "అసలు అద్దం ఉందా అక్కా ఇక్కడ?" అని వేలితో తట్టి చూసుకుని, గేటు దగ్గర బండి మీద కూర్చోవడానికి వెళ్లిపోయాడు. కోపం తెచ్చుకోకపోవడం అతని మంచితనం.

వదిన గదిలోకొచ్చింది. కిటికీ పైనుంచి కిందిదాకా చూసి, చేతిసంచీలోంచి అన్న ఫోన్ తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. "నీదే" అంది. అప్పుడు ఆమె మొహం చూసింది. ఎర్రబడ్డ కళ్లు, బుగ్గల మీద గులాబీ పొడి. ఏమైందని అడగలేదు, కిటికీ వైపు తిరిగి తనే మాట్లాడింది.

"మీ అన్నకి అద్దం కనబడితే చెయ్యి ఆనించకుండా తోచేది కాదు కదే. మా బీరువా అద్దం నిండా అవే ఉండేవి. చుట్టాలొస్తున్నారని ఆయన పోయిన మర్నాడు పొద్దున్నే ఇల్లంతా తుడిచేశాను, అదీ తుడిచేశాను. ఒక్కటి ఉంచుకోవాలని తట్టలేదు పిట్టా. ఇప్పుడు రోజూ దాని ముందు అటూ ఇటూ ఒరిగి వెతుకుతుంటా, ఎక్కడైనా ఒక్క వేలైనా మిగిలిందేమోనని."

చెల్లెలి చేతిలో గుడ్డ ఉంది. నోరు మూసుకుంటే సరిపోయేది. సంచీ తనది, ఫోన్ తనది, వదినకు ఎప్పటికీ తెలిసేది కాదు.

"ఇక్కడుంది వదినా" అంది. "ఇప్పటిదాకా ఉంది. నువ్వొచ్చి మరక ఉందంటావని నేనే తుడిచేశా."

వదిన కిటికీకి దగ్గరగా జరిగింది. తిడుతుందనుకుంది చెల్లెలు. తిడితే బాగుండుననుకుంది.

"ఎక్కడ?" అంది వదిన.

చూపించింది.

"ఇంత ఎత్తులోనా?"

"ఇంకొంచెం పైన."

వదిన మునివేళ్ల మీద లేచి, తన అరచెయ్యి అక్కడ ఆనించి, అలాగే ఉంచింది. రెండో చేత్తో చెల్లెలి మణికట్టు పట్టుకుంది. "అందరూ నన్నే అడిగారు కదే" అంది అద్దం వైపే చూస్తూ. "నిన్నెవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఎలా ఉన్నావే?"

"బాలేను వదినా" అంది చెల్లెలు.

వాళ్లు వెళ్లేటప్పుడు టీచరమ్మ గదిలోకొచ్చి కిటికీ చూసి మురిసిపోయింది. ఇన్నేళ్లకు ఈ గదిలో పుస్తకం చదువుకోవచ్చంది. తర్వాత కళ్లజోడు సరిచేసుకుని, "అయ్యో, పైన చెయ్యి మరకొకటి పడింది చూడమ్మా" అంది.

చెల్లెలు అప్పటికే సంచీ భుజానికి తగిలించుకుంది. గుడ్డ సంచీలో పైనే ఉంది, తియ్యలేదు.

"ఉండనివ్వండి టీచరమ్మా" అంది. "రేపొచ్చి తుడుస్తాను."